కీపర్ వెనక కుర్చీ

పేపర్ సార్ పోయారని మా పాత క్రికెట్ జట్టు వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చేసరికి నేను ఎల్బీ నగర్ మెట్రో మెట్లు దిగుతున్నాను. ఆ గ్రూపు పుట్టినరోజులకు తప్ప నోరు తెరవదు. ఆ పూట మాత్రం దండాల బొమ్మలు వరసకట్టాయి. వాటి మధ్య ఎవరో "ఇంతకీ సార్ అసలు పేరేంది?" అని అడిగారు. జవాబు చెప్పినవాళ్లు లేరు. నాకు తెలుసు, కానీ నేనూ చెప్పలేదు. ఇక్కడా చెప్పను. తన పేరు అచ్చులో చూసుకోవాలన్న సరదా ఆయనకు ఏనాడూ లేదు. రాసిన వార్త మీద 'స్పోర్ట్స్ రిపోర్టర్' అని ఉంటే చాలనుకునేవారు.

మర్నాడు చైతన్యపురిలో వాళ్ల ఫ్లాటుకు వెళ్లాను. హాల్లో పేపరాఫీసు పెద్దలు కూర్చుని ఉన్నారు. "క్రీడా పాత్రికేయ రంగానికి ఎనలేని సేవ చేశారు" అన్నారొకరు. "తీరని లోటు" అన్నారింకొకరు. నాకు ఒళ్లు మండింది. ఇవి ఎవరి ఫొటో కింద పెట్టినా సరిపోయే మాటలు. ఎవరికైనా సరిపోయే మాట రాస్తే ఆయన చెవులు పిండేవారు. 'అద్భుతంగా ఆడింది అని రాయకండి, ఏం చేసిందో రాయండి' అని ఆఫీసులో కుర్రాళ్లను విసిగించేవారని వాళ్లే ఒప్పుకున్నారు, కాఫీలు తాగుతూ. అందుకే ఆయన ఏం చేశారో నాకు తెలిసినంత వరకు రాస్తాను.

మనిషి కాస్త బొద్దు. ఎండకు మెడ చుట్టూ తడిపిన తువ్వాలు, నెత్తిమీద ఏదో ఎరువుల కంపెనీ ఊరికే పంచిన టోపీ. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. ఒకటి రాస్తుంది, ఒకటి రాయదు. రాయనిది అడిగినవాళ్లకు ఇవ్వడానికి. "పెన్ను తీసుకున్నవాడు తిరిగివ్వడమ్మా, అది మానవ నైజం. నైజంతో పోట్లాడే ఓపిక నాకు లేదు, అందుకని సిరా అయిపోయినదాన్ని దాచుకుంటా" అనేవారు. మా జట్టు కార్యదర్శి ఆ పెన్నుతో కాగితం చిరిగేదాకా గీకి, చివరికి తిరిగి ఇచ్చేసేవాడు. పద్ధతి పనిచేసిందన్నమాట.

ఆయనది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కలే కాపురం మార్చుకుంటూ జీవితమంతా గడిపినా ఆ మాట, ఆ 'అండీ' మారలేదు. మా మాట మాదే, ఆయన మాట ఆయనదే. "ఎట్లున్నరు సార్" అని మేమంటే "బాగానే ఉన్నానమ్మా, మీరెలా ఉన్నారు" అనేవారు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

మేం ఆడపిల్లల లీగు ఆడే గ్రౌండు మన్సూరాబాద్ దాటాక ఓ కాలేజీ వెనక ఉండేది. గడ్డి కంటే రాళ్లెక్కువ. మధ్యలో మ్యాటింగ్, అంటే పిచ్ మీద పరిచి మేకులు కొట్టే నార పట్టా. ప్రేక్షకులంటే వాచ్‌మన్, ఇద్దరు ముగ్గురు తల్లులు, అటుగా వచ్చిన మేకలు. మిగతా పత్రికలవాళ్లు సాయంత్రం కార్యదర్శికి ఫోన్ చేసి స్కోరు రాసుకునేవారు. ఈయన మాత్రం ప్రతి ఆదివారం స్కూటరేసుకుని పొద్దున్నే దిగేవారు, మొదటి బంతికి ముందే. ఎందుకు సార్ ఈ ఎండలో, ఫోన్ చేస్తే చెప్తాం గద అంటే ఒకటే మాట. "స్కోరు చూసి ఆట చెప్పడమంటే, ఎంగిలాకులు చూసి పెళ్లి చెప్పడమేనమ్మా."

చప్పట్లు కొట్టేవారు కాదు. ప్రెస్ బాక్సులో కూర్చున్నవాళ్లు ఏ జట్టుకూ చప్పట్లు కొట్టకూడదన్నది వాళ్ల వృత్తిలో ఒక కట్టుబాటట. మా గ్రౌండులో ప్రెస్ బాక్సు ఎక్కడిది? ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే. అయినా ఆ కుర్చీలో కూర్చున్నాక ఆయన చేతులు కలిసేవి కావు. ఓసారి మా ఓపెనర్ కొట్టిన సిక్సరు వెళ్లి మేకల మధ్య పడింది. వాచ్‌మన్ ఈలలు వేశాడు, తల్లులు లేచి నిలబడ్డారు. ఈయన టోపీ తీసి తల గోక్కున్నారు, అంతే. "సార్, ఒక్కపారి కొడ్తే ఏమైతది సార్?" అని ఆ పిల్ల తర్వాత బతిమాలింది. "రెండు చేతులూ అందులో ఉంటే రాసేదెవరమ్మా?" అన్నారు. ఆ పిల్ల రోజంతా మూతి ముడుచుకుని తిరిగింది.

టీ కూడా అంతే. ఏ జట్టు టీ ఇచ్చినా ముట్టేవారు కాదు. "మీ టీ తాగితే మీ వార్త తియ్యగా వస్తుంది" అనేవారు. డబ్బాలో పెరుగన్నం, పైన గోంగూర పచ్చడి తెచ్చుకుని స్కూటరు నీడలో కూర్చుని తినేవారు. మా కెప్టెన్ ఓసారి తమాషాకు రెండు జట్ల టీలూ ఒకే గ్లాసులో పోసి పట్టుకెళ్లింది. ఆయన చాలాసేపు ఆలోచించి, "అంపైర్ల టీ కూడా కలపాలి కదా" అని వెనక్కి పంపారు.

ఇవన్నీ చూసి మేం నవ్వుకునేవాళ్లం. ఆయనంటే భయం ఉండేది కాదు. ఒక పెద్దాయన మన ఆటను అంత గంభీరంగా చూస్తున్నాడంటే ఎక్కడో లోపల బాగుండేది. మా ఇళ్లల్లో అలా చూసేవాళ్లు లేరు మరి.

మా ఇంటి సంగతి చెప్పాలి. మా నాయినది పోచంపల్లి. మగ్గం వదిలి దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక గల్లీలో చీరల దుకాణం పెట్టుకున్నాడు. సాయంత్రాలు నేనూ దుకాణంలో కూర్చుని చీరలు విప్పి చూపించేదాన్ని. నేను వికెట్ కీపర్‌ని. మ్యాటింగ్ మీద బంతి ఎటు లేస్తుందో దానికే తెలియదు. గ్లౌజులున్నా వేళ్లు వాచేవి, అరచేతుల్లో తోలు లేచి గరుకెక్కేది. ఓ సాయంత్రం ఒకావిడకు పట్టుచీర కొంగు పరిచి చూపిస్తుంటే నా వేలి చర్మం పట్టుకుని పోగు ఒకటి సర్రున లేచొచ్చింది. ఆవిడ చీర వదిలేసి వెళ్లిపోయింది. మా నాయిన నా రెండు చేతులూ పట్టుకుని లైటు కింద తిప్పి చూశాడు.

"గీ చేతులతోటి పట్టు ఎట్ల ముట్టుకుంటవ్ బిడ్డా?" అన్నాడు. కోపంగా కూడా కాదు. అది ఇంకా కష్టంగా ఉండింది.

"నాలుగు దినాలల్ల తగ్గుతది నాయినా."

"మళ్ల ఆదివారం ఒస్తది గద. రెండేండ్ల సంది ఆడుతున్నవ్. గల్లీల అందరు అడుగుతుండ్రు, మీ పిల్ల ఏమాడ్తది, ఏం కొట్టింది అని. నేనేం చెప్పాలె? ఒక్కనాడన్న పేపర్ల నీ పేరు చూసిన్నా?" చీర మడత పెట్టాడు. "ఈ సీజన్ అయ్యేదాంక చూస్త. పేరు ఒచ్చిందా, ఆడుకో. రాలేదా, ఆ గ్లౌజులు అటక మీద పెట్టి దుకాన్ల కూసో."

నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే కీపర్ పేరు పేపర్లోకి రాదు. జిల్లా పేజీలో మా మ్యాచికి దక్కేది నాలుగు వేళ్ల చోటు. అందులో యాభై కొట్టినవాళ్లు, వికెట్లు కూల్చినవాళ్లు పడతారు. నేను బ్యాటింగుకు దిగేది చివర్లో, చాలాసార్లు దిగేలోపే ఆట అయిపోయేది. క్యాచ్ పట్టినా పేరు బౌలర్‌కే వెళ్లేది. సీజన్లో ఇక కొన్ని ఆదివారాలే మిగిలాయి.

అలాంటి రోజుల్లోనే పేపర్ సార్ ఓ సాయంత్రం భార్యతో కలిసి మా దుకాణం మెట్లెక్కారు. మా దుకాణమని ఆయనకు తెలియదు. నన్ను చూసి "నువ్వేంటమ్మా ఇక్కడ?" అని నవ్వారు. నేను మా నాయినకు చెప్పాను. నాయిన ముఖం వెలిగిపోయింది. మంచి చీరలన్నీ కిందికి దించాడు, పక్క హోటల్ నుంచి చాయ్ తెప్పించాడు. ఆంటీ చాయ్ తాగి చీర ఎంచుకున్నారు. ఆయన గ్లాసు అలాగే ఉంది.

"సార్, మా పిల్ల పేరు జర పేపర్ల ఎయ్యుండ్రి," అన్నాడు నాయిన, చీర పొట్లం కడుతూ.

"ఆడితే దానంతటదే వస్తుందండీ."

"ఆడుతనే ఉన్నది గద సార్. ఏదో ఓ యాభై కొట్టిందని రాస్తే ఏమైతది? ఆడికొచ్చి చూసెటోడు ఎవడున్నడు?"

"నేను చూశానండీ," అన్నారాయన.

ఆంటీకి ఏం చేయాలో తోచక నా భుజం తట్టారు. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది, నాయిన అడిగినందుకు కొంత, ఈయన కాదన్నందుకు ఇంకొంత. వాళ్లు వెళ్లాక నాయిన చల్లారిన చాయ్ గ్లాసు వైపు చూసి, "గింత చాయ్ గూడ ముట్టలే. మస్తు పెద్ద మనిషి," అన్నాడు. మా దగ్గర దుకాణానికి వచ్చి చాయ్ కాదనడమంటే చిన్న సంగతి కాదు.

ఆ ఆదివారం నేను ఆయనకు నమస్తే పెట్టలేదు. డ్రింక్స్ సమయంలో ఆయనే నా దగ్గరకు వచ్చారు.

"కోపమా అమ్మా?"

"ఏం లేదు సార్."

"ఉన్నా తప్పులేదు. మీ నాన్నగారు అడిగింది నేను రాయలేను. ఒకటి చెప్పు. మ్యాచికి బైలు ఎన్నిస్తావు నువ్వు?"

బ్యాటు తప్పించుకున్న బంతి కీపర్‌ని కూడా దాటిపోతే, ఆ సందులో పరుగెత్తి తీసేవి బై పరుగులు. కీపర్ అజాగ్రత్తకు పడే జరిమానా అనుకోండి. మా లీగులో ఏ జట్టు స్కోరు చూసినా బ్యాటర్లందరికంటే, ఎవరూ కొట్టకుండా వచ్చే ఎక్స్‌ట్రాలే ఎక్కువ ఉండేవి, వాటిలో బైలదే పెద్ద వాటా. కానీ అవి ఎవరి పేరు మీదా ఉండవు. ఇవ్వకుండా ఆపితే అసలే ఉండవు.

"ఎవరు లెక్కవెట్టిండ్రు సార్?" అన్నాను, విసురుగానే.

"అదేనమ్మా. నేనూ పెట్టలేదు. పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నానే గానీ, నిన్ను చూడనేలేదు. ఎంగిలాకులు చూసింది నేనే," అన్నారు. స్కోరర్ బల్ల పక్కన ఎప్పుడూ ఉండే కుర్చీని ఎత్తుకుని, గ్రౌండు చుట్టూ నడిచి, సరిగ్గా వికెట్ల వెనక బౌండరీ దగ్గర వేసుకున్నారు. ఓవర్ మారినప్పుడల్లా నేను అటువైపు వెళ్లిపోతాను కదా, ఏం కనిపిస్తుంది సార్ అంటే, "ఒక ఓవర్ నీ వీపు చూస్తా, ఒక ఓవర్ నీ మొహం చూస్తా. రెండూ కావాలి" అన్నారు. అంపైరు నవ్వాడు. ఎండ నేరుగా ముఖాన కొట్టే చోటది. తువ్వాలు నెత్తిన వేసుకుని, దాని మీద టోపీ పెట్టుకుని, సాయంత్రం దాకా కూర్చున్నారు.

ఆ రోజు నా వెనక నుంచి ఒక్క బై పోలేదు. ఆయన కూర్చున్నారన్న పట్టుదల కూడా ఉంది, దాచడమెందుకు. మర్నాడు పేపరు చూస్తే నా పేరు లేదు. మళ్లీ ఆదివారం వెళ్లేసరికి ఆయనే ఎదురొచ్చారు. "రాశానమ్మా. తోక కోసేశారు."

వాళ్ల పనిలో ముఖ్యమైనది పైన రాస్తారు, మిగతాది కిందికి. చోటు చాలకపోతే ఆఫీసులో పేజీ దిద్దేవాళ్లు కింద నుంచి కోసుకుంటూ వస్తారు. ఎవరు గెలిచారు, ఎవరు కొట్టారు, ఎవరు పడగొట్టారు అన్నాక చివరి వాక్యంలో నన్ను పెట్టారట. ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ ఒకటి ర్యాంకుల ప్రకటన ఇచ్చింది. పోస్టల్ స్టాంపుల్లా పిల్లల ఫొటోలు, వాటి కింద ఇరుక్కున్న మా మ్యాచి. ఆ వారమూ బైలు లేవు, ఆ వారమూ రాశారు, ఆ వారమూ తోక పోయింది. ఈసారి ఇంకో కోచింగ్ సెంటర్.

"ఇగ పోనియ్యుండ్రి సార్," అన్నాను. సీజన్ అయిపోవస్తోంది. గ్లౌజులకు అటక మీద చోటు కూడా చూసుకున్నాను.

ఆయన పోనివ్వలేదు. తరువాతి మ్యాచికి వార్త తలకిందులుగా రాశారు. మొదటి వాక్యంలోనే నా పేరు. 'బంతి ఇష్టం వచ్చినట్టు ఎగిరిన మ్యాటింగ్ పిచ్‌పై కీపర్ ఒక్క బై కూడా పోనివ్వలేదు. సీజన్లో ఇలా వరుసగా ఇది మూడో మ్యాచి' అని మొదలుపెట్టి, కాలి మీదికి జారిన బంతుల్ని నేను ఎలా ఆపానో రాసి, ఎవరెంత కొట్టారో రాసి, చిట్టచివర ఎవరు గెలిచారో రాశారు. ఇంత అనుభవం ఉన్న మనిషి, కోసేవాళ్లు ఏది ముఖ్యమో చూసి కోయరని, ఏది కింద ఉంటే అది కోస్తారని ఎలా మరిచిపోయారో నాకిప్పటికీ అర్థం కాదు. వాళ్లు మామూలుగానే తోక కోశారు. పేపర్లో మ్యాచి వార్త వచ్చింది, నా పేరు వచ్చింది, ఎవరు గెలిచారో మాత్రం రాలేదు.

మా నాయిన దుకాణం షట్టర్ సగం ఎత్తి, అక్కడే నిలబడి పైకి చదివాడు. పక్కన ప్లాస్టిక్ సామాన్ల దుకాణం కాకా వచ్చి విన్నాడు. హోటలతను వచ్చాడు. రెండోసారి చదివించుకున్నారు.

"మరి గెలిచిందెవలు?" అన్నాడు కాకా.

నాయిన పేపరు తిప్పి చూశాడు, అటు లేదు, ఇటు లేదు. నా వైపు చూశాడు. "వాళ్లే," అన్నాను. మేం చిత్తుగా ఓడిపోయాం.

"రాయలే గదా, చాలు," అని నాయిన ఆ ముక్క కత్తిరించి గల్లా బల్ల మీది అద్దం కింద పెట్టాడు. ఆ పూట వచ్చిన ప్రతి గిరాకీకి చీర కంటే ముందు అదే చూపించాడు.

ఆఫీసులో మాత్రం సార్‌కు అక్షింతలు పడ్డాయి. మర్నాడు 'నిన్నటి వార్తలో విజేత జట్టు పేరు రాలేదు, చింతిస్తున్నాం' అని సవరణ వేశారు. "ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకంటూ మిగిలిన రికార్డమ్మా ఇది. ఎవరూ గెలవని మ్యాచి నేనొక్కడినే రాశాను" అని గ్రౌండులో పగలబడి నవ్వారు. ఆ నవ్వు చూసి అంతటితో పోయిందనుకున్నాను. కొన్ని వారాలు మామూలు రోజుల్లో ఆయన్ని ఆటల పేజీ నుంచి తీసేసి, రైతుబజార్ కూరగాయల ధరలు రాయించారని మొన్న ఆంటీ చెబితేనే తెలిసింది. మిగిలిన మా ఆదివారం మ్యాచి మాత్రం ఆయనకే వదిలేశారట, అక్కడికి వెళ్తామన్నవాళ్లు ఇంకెవరూ లేక. "ఎందుకండీ ఇదంతా అని అడిగా. ఆ పిల్ల ఆపింది, నేను రాశాను, అందులో తప్పేముంది అన్నారు" అని ఆంటీ కళ్లు తుడుచుకున్నారు. ఆయన మీద నాకు ఎంత ప్రేమ ఉందో ఆ హాల్లో నిలబడినప్పుడు తెలిసింది. బతికుండగా ఒక్కసారీ చెప్పలేదు.

కథ అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. కాలేదు. నాలుగు రోజులకే కాకా బల్ల మీదికి వంగి అద్దం కింద ముక్కను మళ్లీ చదివి, "గా సార్ మీ దగ్గర చీర కొన్నడు గదనే. తక్కువకిచ్చినవేమో, గందుకే రాసిండు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ మా నాయిన ముఖంలో నెత్తురు దిగిపోయింది. సాయంత్రానికి అద్దం కింద ముక్క లేదు.

"ఏమైంది నాయినా?"

"అడుక్కొని రాయించుకున్న పేరు ఎవలిక్కావాలె?" అన్నాడు. యాభై కొట్టిందని రాయమని బతిమాలినవాడు తానే. ఇప్పుడు మాత్రం వచ్చిన పేరు నిజమైతే గొప్ప, కొనుక్కున్నదని నలుగురంటే పరువు తక్కువ. మనిషి మనసు అంతే, ఏం చేస్తాం. "ఆదివారం నేనే ఒస్త. కండ్లార చూస్త," అన్నాడు.

ఆదివారం మా దుకాణానికి పండుగలాంటిది. ఆ రోజున మా నాయిన షట్టర్ దించడం నేను పెళ్లిళ్లకూ చావులకూ తప్ప చూడలేదు. తెల్ల చొక్కా వేసుకుని, ఫ్లాస్కు నిండా చాయ్ పట్టుకుని, బండి మీద వచ్చాడు. సీజన్లో అది ఆఖరి మ్యాచి. వికెట్ల వెనక సార్ కుర్చీ పక్కన ఓ రాయి చూసుకుని కూర్చున్నాడు. అక్కడ జరిగిన మాటలు నాయిన నాకు తర్వాత చెప్పినవి.

"ఇది టీం చాయ్ కాదు సార్, నా చాయ్," అని ఫ్లాస్కు మూతలో పోశాడట.

"మీ అమ్మాయి టీమే కదండీ," అన్నారట ఆయన.

నాయిన ఆ చాయ్ తానే తాగి, చివరికి అడిగేశాడు. "మొన్న మీరు రాసింది నిజమేనా సార్?"

"వచ్చారుగా. చూడండి," అన్నారట.

చూడటానికి నాయిన వచ్చాడు, సరే. చూపించాల్సినదాన్ని నేనేమో చెయ్యీ కాలూ ఆడక నిలబడ్డాను. నా వీపు మీద నాయిన చూపు బరువుగా తగులుతోంది. మొదట్లో బాగానే ఆపాను. వాళ్లకు గెలవడానికి కొద్ది పరుగులే మిగిలినప్పుడు మా ఫాస్ట్ బౌలర్ వేసిన బంతి బ్యాటర్ కాలి వైపు జారింది. మామూలుగా కళ్లు మూసుకుని పట్టేదాన్ని. నా కాళ్ల సందున దూరి నేరుగా నాయిన దగ్గరకు దొర్లింది. నాలుగు బైలు. నాయినే వంగి బంతి తీసి నాకు విసిరాడు. ఆ తర్వాతి ఓవర్లో ఇంకొకటి అలాగే పోయింది. వాళ్లు గెలిచారు. బ్యాటు తగలని బంతులతో గెలిచారు.

నేను గ్లౌజులు కూడా తీయకుండా కూర్చుండిపోయాను. సార్ కుర్చీ ఎత్తుకొచ్చి వాచ్‌మన్‌కి ఇచ్చి, నా పక్క నుంచే స్కూటరు దగ్గరకు వెళ్లారు. ఓదార్చలేదు. "ఈసారి కోసేవాళ్లకు చిక్కవమ్మా. ఫలితంలోనే ఉన్నావు," అన్నారు. నాకు ఆయన గొంతు పిసకాలనిపించింది.

బండి మీద ఇంటికి వెళ్తుంటే నాయిన ముందుకే చూస్తూ నడిపాడు. ఎల్బీ నగర్ చౌరస్తాలో నల్గొండ బస్సుల మధ్య ఇరుక్కున్నప్పుడు కూడా తల తిప్పలేదు. ఆట అయిపోయిందని నాకు అర్థమైంది. నా ఆట.

మర్నాడు పేపరు ముందు నేనే చూశాను. మొదటి వాక్యంలో గెలిచిన జట్టు పేరు, రెండో వాక్యంలో నా పేరు. 'కీలక సమయంలో కీపర్ రెండు తేలికైన బంతుల్ని కాళ్ల మధ్య నుంచి వదిలేయడంతో వచ్చిన బై పరుగులే ఫలితాన్ని తేల్చాయి. గత నాలుగు మ్యాచుల్లో ఆమె బైలు ఇవ్వడం ఇదే మొదటిసారి.' ఉన్నది ఉన్నట్టు. కనీసం నాయిన ముందు జరిగిందని జాలైనా లేదు. పేపరు మడిచి చీరల బీరువా వెనక దూర్చాను.

"పేపర్ తే," అన్నాడు నాయిన.

తెచ్చిచ్చాను. నిలబడే చదివాడు, మళ్లీ కూర్చుని చదివాడు. కత్తెర అడిగాడు. ఆ ముక్క కత్తిరించి, తన చొక్కా జేబులోంచి పాత ముక్క తీసి, రెండింటినీ అద్దం కింద పక్కపక్కన పెట్టి, గుడ్డతో అద్దం తుడిచాడు. అప్పటికే కాకా వచ్చి తల వంచి చూస్తున్నాడు.

"ఏందివయా, పిల్ల ముంచిన సంగతి గూడ పెడ్తవా?"

"గిది పక్కన లేకుంటే, గదెవడు నమ్ముతడు?" అన్నాడు మా నాయిన. నా వైపు తిరిగి, నా చేతులు చూసి, "దుకాన్ల కూసుంటె కూసున్నవ్ గని, పట్టు చీరల దిక్కు పోకు. కాటన్ సూపెట్టు. కాలు సందు ఎట్ల మూస్తరో ఆ కోచ్‌ని అడుగు," అన్నాడు.

సాయంత్రం ప్రాక్టీసుకు తనే దింపాడు.